బరువుకి కూర్చున్న మనిషి

“ఊగండి బాబూ, ఇంకోపాలి ఊగండి,” అన్నాడు గంగన్న, వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని.

జానకీరామయ్య ఊగాడు. ముందు సీటు వీపుని రెండు చేతులా పట్టుకుని, తన నిండు శరీరాన్ని పైకీ కిందకీ కుదిపాడు. మెడ కింద మడతలు కదిలాయి. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. జీపు కింద కొత్త స్ప్రింగులు కాసేపు సణిగి, సర్దుకుని, ఊరుకున్నాయి. గంగన్న టేపు తీసి చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచి, “సాలు, దిగండి,” అన్నాడు. ఆయన ముందు ఒక కాలు, తర్వాత పొట్ట, ఆ తర్వాత రెండో కాలు కిందికి దించాడు. ఆయాసం తీరడానికి తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడి, అది ఆయాసం కాదన్నట్టు, ఏదో ఆలోచిస్తున్నవాడిలా మొహం పెట్టాడు.

జీతం పుచ్చుకునేది కౌంటర్లో సేల్స్‌మన్‌గా. కానీ ఆ షాపులో ఆయన వల్ల నికరంగా జరిగే పని ఇదొక్కటే. స్ప్రింగులు మార్చి బండి ఎత్తు పెంచాక, మనుషులూ సామానూ ఎక్కితే అది ఎంత కుంగుతుందో చూసుకోవాలి. ఇసక బస్తాలు పెట్టి చూడొచ్చు. అయితే బస్తాని ఎవరో ఎత్తాలి, అది సీటు మీద ఇసక రాలుస్తుంది, మళ్ళీ దాన్ని దించాలి. జానకీరామయ్య తనంతట తనే ఎక్కుతాడు, తనంతట తనే దిగుతాడు, చిరగడు. ఈ సదుపాయం కనిపెట్టినవాడు యజమాని రామచంద్రరావు. తండ్రి హయాంలో అదే చోట లారీలకి కమాన్ కట్టలు, అంటే ఇనప పట్టీల స్ప్రింగులు, అమ్మేవారు. కొడుకు లారీలని వదిలేసి జీపులున్న కుర్రాళ్ళని పట్టుకున్నాడు. లారీవాడు కమాను విరిగితేనే వస్తాడు. జీపు కుర్రాడు ఏమీ విరక్కపోయినా వస్తాడు.

బరంపురంలో ఈ కుర్రాళ్ళంతా కలిసి ఒక జట్టు కట్టారు. పేరు ‘గంజాం మడ్ టైగర్స్’. ఒక పులికి గ్రానైటు వ్యాపారం. ఒక పులికి మామగారి నర్సింగ్ హోము. ఇంకో పులికి అప్పడాలూ పచ్చళ్ళ హోల్‌సేలు. ఆదివారం తెల్లవారేసరికి హైవే మీద వరసకట్టి, గోపాలపూర్ ఇసకలోకో, హుమ్మ ఉప్పు మడుల గట్ల మీదికో, కెరండిమాల కొండదారికో బయల్దేరతారు. నాలుగు చక్రాలూ తారు దిగగానే ఫోటోలు. ఫోటోలవగానే టిఫిను. ఒకసారి చమఖండి దగ్గర ఒక పులి ఇసకలో దిగబడితే, వలలు బాగుచేసుకుంటున్న చేపలవాళ్ళు లేచొచ్చి భుజాలు పెట్టి గట్టుకి తోశారు. బండి ముందు, ఉక్కు తాడుతో తనని తనే లాక్కోగల వించి ఉంది. దాన్ని ఎలా వాడాలో పులికి తెలియదు. తర్వాత వేసుకున్న ఫోటోల్లో వించి ఉంది, చేపలవాళ్ళు లేరు.

జానకీరామయ్యకి వీళ్ళంటే లోపల చిన్నచూపు. వీళ్ళని చిన్నచూపు చూడ్డానికి తన దగ్గరేముందో మాత్రం ఆయన ఎప్పుడూ ఆలోచించుకోలేదు. స్కూటరు తప్ప మరో బండి నడపడం రాదు. తండ్రి బరంపురం బడిలో తెలుగు మాస్టారు. ఆయన నుంచి కొడుక్కి దక్కిన ఆస్తి బట్టీపట్టే విద్య. కంపెనీ నుంచి వచ్చిన ఇంగ్లీషు బ్రోచర్లని రెండుసార్లు చదివి, మూడోసారికి పద్యంలా అప్పజెప్పేవాడు. ఏ షాక్ అబ్జార్బరు ఎంత వేడికి డీలా పడుతుందో, ఏ స్ప్రింగు రాళ్ళ మీద ఎంత సాగుతుందో గడగడా చెప్పేవాడు. రాళ్ళ మీద బండిలో వెళ్తే ఒంటికి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, చెప్పడానికి మాటలేదు. ఆ బండ్లన్నిట్లోనూ ఆయన కూర్చున్నాడు. ఒక్కటైనా ఆయన్ని ఎక్కించుకుని షాపు గేటు దాటలేదు.

వీధిలో మాత్రం ‘మేం’ అనేవాడు. “మొన్న మేం చమఖండిలో దిగబడిపోయేం,” అనేవాడు టీ కొట్టు దగ్గర. ఆ ఆదివారమంతా ఆయన లుంగీ కట్టుకుని అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుండగా వీధి మొత్తం చూసింది. భార్య దుర్గాంబ చేట పట్టుకుని ఎదురుగా కూర్చుంది. అబద్ధమని అందరికీ తెలుసు. అందరికీ తెలుసన్న సంగతి ఆయనొక్కడికే తెలియదు. దుర్గాంబ ఎన్నడూ ఎత్తిచూపలేదు, పక్కింటివాళ్ళు నవ్వితే మాట మార్చేసేది.

అలాంటి మనిషికి ఈ ఆదివారం సీటు దొరికింది. పోయిన వారం అప్పడాల హోల్‌సేలు వారి అబ్బాయి వినయ్, కొత్త బండికి స్ప్రింగులు వేయించుకుని, అద్దంలో చూసుకున్నంతసేపు దాన్ని చూసుకుని, మహా సంతోషంలో, “ఆదివారం కెరండిమాల ఎల్తున్నాం. మీరూ వచ్చేయండి రామయ్యగారూ, మా బండిలో వెనక సీటు మీదే,” అన్నాడు. దారిలో కనపడ్డవాణ్ణి భోజనానికి రమ్మంటాం చూడండి, అలా అన్నాడు. జానకీరామయ్య దాన్ని లగ్నపత్రికలా పుచ్చుకున్నాడు. గుడ్డ బూట్లు కొనుక్కున్నాడు. ఆదివారం సెలవడిగితే రామచంద్రరావు, “ఎల్లండి, మీరు లేకపోతే షాపేటీ ఆగిపోదు,” అన్నాడు. ఆ మాట కూడా ఆయనకి తియ్యగానే వినపడింది. వారమంతా వీధిలో ‘మేం’ అనలేదు. నిజంగా అనబోతున్నవాడికి తొందరేముంది.

శనివారం మధ్యాహ్నానికి వినయ్ బండి వచ్చింది. దానికి ముందు ఉక్కు బంపరు, బంపరుకి వించి. పక్కన నీళ్ళలో దిగినా ఇంజను గాలి పీల్చుకునే పొడుగాటి గొట్టం. వానాకాలం రోడ్డు మీద గుంట కనపడితే, రంగు మాస్తుందని వినయ్ చుట్టూ తిప్పుకుని పోతాడు. నెత్తిన ఇనప చట్రం. చట్రం మీద మడత టెంటు, నీళ్ళ డబ్బాలు, పార, ఇసకలో చక్రాల కింద పరిచే పలకలు. అంత బరువుకీ బండి వెనక కాళ్ళ మీద కూలబడ్డ కుక్కలా ఉంది.

“ఏటి రామయ్యగారూ ఇది? మొన్నే కదా లేపేరు. రేపు అందరి బళ్ళూ నిలబడుంతే నా బండి కూచుండిపోయిందేటి?”

జానకీరామయ్య బండి చుట్టూ తిరిగాడు. ఆ పూట ఆయన నోట నిజం వచ్చింది. నిజం మీద ప్రేమ కొద్దీ రాలేదు. బండి విప్పితే సాయంత్రానికి పనవుతుందో లేదో, తన ఆదివారం ఏమవుతుందో అన్న భయం కొద్దీ వచ్చింది.

“స్ప్రింగులు బాగానే ఉన్నాయి వినయ్ బాబూ. పైన సామానే ఎక్కువైపోయింది. ఆ టెంటూ డబ్బాలూ దింపించేయండి, అదే లేస్తాది. ఆ కొండదారికి టైర్లలో కొంచెం గాలి తగ్గించుకుంటే సాలు, ఇంకేటీ అక్కర్లేదు.”

“దింపేస్తే మరి బండికి లుక్కేటుంతాది?” అన్నాడు వినయ్. అడిగింది మనస్ఫూర్తిగానే.

ఆ మాటకి లోపల్నుంచి రామచంద్రరావు వచ్చాడు. ఉప్పు తక్కువైన కూర వైపు చూసినట్టు జానకీరామయ్య వైపు ఓసారి చూశాడు. “రామయ్యగారు అలాగే అంటారు. ఎక్కువ బరువుకి వేరే స్ప్రింగుంది బాబూ. గట్టిది. ఆ కాయితం తియ్యండి రామయ్యగారూ, మీరే సెప్పండి.”

బ్రోచరు చేతిలోకి రాగానే మనిషి మారిపోయాడు. గొంతు సవరించుకున్నాడు. గట్టి స్ప్రింగు గుణగణాలు, దానికి తోడు వేయాల్సిన షాక్ అబ్జార్బర్ల వైభవం, అన్నీ వరసగా అందుకున్నాడు. ఇంతకుముందు దింపేయమన్న టెంటుకి ఇప్పుడు సమర్థన చెప్పాడు. వినయ్ తలాడిస్తున్నాడు. ఎవరైనా తలాడిస్తే జానకీరామయ్యకి ఒళ్ళు తెలియదు.

“ఒక్కటే సూసుకోవాల. ఈ స్ప్రింగుకి వెనక ఎప్పుడూ బరువుండాల. ఖాళీగా తిప్పితే ఎద్దుబండిలా ఎత్తేస్తాది. అందుకేటంటే, పెద్ద పెద్దోళ్ళు వెనక సీటు పీకించేసి సొరుగుల పెట్టె వేయించుకుంతారు. కింద సొరుగుల్లో సామాను, పైన ఫ్రిజ్జి. అప్పుడు స్ప్రింగు సరిగ్గా కూర్చుంతాది, బండీ దర్జాగా ఉంతాది.”

అన్నాడు. అన్నాక తన మాట తనకి వినపడింది. బరువు మోయడానికి స్ప్రింగు, ఆ స్ప్రింగుని అణచడానికి మళ్ళీ బరువు! అందులోని వెర్రితనం ఆయనకి పట్టలేదు. పట్టిందల్లా వెనక సీటన్న ముక్క.

“ఆ పెట్టె ఉందా మీ దగ్గిర?” వినయ్ కళ్ళు వెలిగాయి.

“గోడౌన్లో ఉంది. సాయంత్రానికి బిగించేస్తాం. ఫ్రిజ్జి రేపు పొద్దున్న మీరు బయల్దేరే లోపు ఇంటికి పంపిస్తాను,” అన్నాడు రామచంద్రరావు.

“అయితే… వెనక సీటు తీసేస్తే… రేపు…” అన్నాడు జానకీరామయ్య.

“రేపేటి?”

“రేపు నన్ను రమ్మన్నారు కదా, బాబూ.”

వినయ్‌కి గుర్తు రావడానికి కొంచెంసేపు పట్టింది. “అయ్యో, అవును కదా! ముందు సీట్లో మా బావగారు కూచుంతారు మరి. పర్లేదు, ఇంకోసారి ఎల్దాం. అయినా మీకేటి రామయ్యగారూ, మీరు రోజూ ఎక్కి దిగుతున్న బళ్ళే కదా ఇవి.”

“అవునవును. నాకేటి,” అన్నాడు జానకీరామయ్య. అని నవ్వాడు కూడా. ఆ నవ్వు చూస్తే ఆయన్నే పట్టుకుని లెంపకాయ కొట్టాలనిపిస్తుంది. పెట్టె ఆదివారం తర్వాత బిగించుకోమనొచ్చు. అంత పనీ చేయడానికి ఒక్క వాక్యం చాలు. గడగడా వాగే ఆ నోటికి ఆ ఒక్క వాక్యం చేతకాలేదు. బిల్లు పుస్తకం అందుకుని తన సీటుకి బదులు వచ్చిన పెట్టె పేరు గుండ్రటి అక్షరాలతో రాశాడు.

కాసేపటికి దుర్గాంబ ఫోన్ చేసింది.

“ఏమండీ, పులిహోర ఎంతమందికి కలపమంటారు? మీ ఒక్కరికే కట్టిస్తే ఏం బాగుంటుంది, వాళ్ళంతా సూస్తూ ఉండగా. చింతపండు ఎక్కువే నానేశాను.”

ఆయన ఫోను పట్టుకుని బయట ఎండలోకి నడిచాడు. హైవే మీద లారీలు పోతున్నాయి. చెప్పేద్దామని నోరు తెరిచాడు.

“అందరికీ సరిపోయేలా కలుపు,” అన్నాడు.

“మాత్ర ఏసుకున్నారా?”

“ఏసుకున్నాను,” అన్నాడు. అదీ అబద్ధమే. డబ్బా కౌంటరు సొరుగులో ఉంది. లోపలికొచ్చాక కూడా దాని మాట తలవలేదు. కారియరు విప్పి, పెరుగన్నం నాలుగు ముద్దలు తిని, మూత పెట్టేశాడు.

మధ్యాహ్నమంతా గంగన్న వెనక స్ప్రింగులు మార్చాడు. వినయ్ ఫ్యాను కింద కూర్చుని, జట్టువాళ్ళకి ఫోన్లు చేసి, పెట్టె గురించి తనే కనిపెట్టినట్టు చెప్పుకున్నాడు. ఎండ వాలేసరికి బండి వెనక భాగం పెళ్ళివారి పందిరిలా లేచి నిలబడింది. ఇప్పుడు మరీ లేచింది. పెట్టె, ఫ్రిజ్జి ఎక్కితే ఎంత దిగుతుందో చూడకుండా సీటు విప్పడం రామచంద్రరావుకి ఇష్టం లేకపోయింది.

“పెట్టె, ఫ్రిజ్జి, అందులో సామాను, మొత్తం బరువెంతుంతాది గంగన్నా?”

గంగన్న జానకీరామయ్య వైపు చూశాడు. “ఆగ్యాఁ,” అని ఒరియా మర్యాద ఒకటి చేసి, “మన బాబంత ఉంతాది,” అన్నాడు.

అందరూ నవ్వారు. జానకీరామయ్య కూడా నవ్వి, చెప్పులు విడిచి, బండెక్కడానికి వెళ్ళాడు. బండి తలుపు గడప ఇప్పుడు ఆయన నడుమంత ఎత్తుంది. మొదటిసారి కాలు అందలేదు. రెండోసారి గంగన్న వెనకనుంచి చెయ్యి వేసి నెట్టాడు. లోపలికి వెళ్ళి, వెనక సీటు మధ్యలో సర్దుకుని, రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఒళ్ళంతా చెమట. ఎడమ భుజం లాగుతోంది. ఎక్కినప్పుడు పట్టేసిందనుకున్నాడు. తర్వాత బెల్టు లాగి, పొట్ట మీదుగా తెచ్చి, టక్కున బిగించుకున్నాడు.

“బెల్టెందుకు బాబూ? బండి కదల్దు కదా.”

“ఉండనీ గంగన్నా.”

గంగన్న చక్రం దగ్గర కూర్చుని ఊగమన్నాడు. ఆయన ఊగాడు. ఊగుతూ కళ్ళు మూసుకున్నాడు. కొత్త స్ప్రింగు గట్టిది, ఊపు దెబ్బలా తగులుతోంది. ఇదేనేమో అనుకున్నాడు. కొండదారిలో ఇలాగే ఉంటుందేమో, రాయి ఎక్కినప్పుడు ఇలా, దిగినప్పుడు ఇలా, రెండు పక్కలా జీడిమామిడి చెట్లు కొమ్మలు రాసుకుంటూ. కుడి వైపు ఒరిగాడు. ఎడమ వైపు ఒరిగాడు. మలుపుల్లో మనుషులు ఒరిగినట్టు ఒరిగాడు. ఇంతసేపూ ఆయన్ని చూసి ఎంత నవ్వుకున్నా, విసుక్కున్నా తప్పులేదు. ఈ ఒక్క నిమిషం మాత్రం నవ్వు రాదు. షాపు షెడ్డులో, నిలబెట్టిన జీపులో, అంత పెద్ద మనిషి ఒంటరిగా కొండెక్కుతున్నాడు.

“సాలు బాబూ సాలు, టేపు నిలబడ్డం లేదు,” అన్నాడు గంగన్న నవ్వుతూ.

ఊపు తగ్గింది. స్ప్రింగులు సర్దుకున్నాయి. గంగన్న ఈ చక్రం కొలిచాడు. లేచి అటు వెళ్ళి ఆ చక్రం కొలిచాడు. “సరిగ్గా సరిపోయింది. పెట్టె ఎక్కించీవచ్చు,” అని రామచంద్రరావుకి కేకేసి చెప్పి, “దిగండి బాబూ,” అన్నాడు. టేపు చుట్టుకుని జేబులో వేసుకున్నాడు. “బాబూ, దిగండి,” అన్నాడు మళ్ళీ. తర్వాత తలుపు తీశాడు.

జానకీరామయ్య గెడ్డం బెల్టు మీద ఆనించి కూర్చునే ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు చివర ఉంది. గంగన్న చెయ్యి పట్టుకుని చూసి, వెనక్కి తిరిగి రామచంద్రరావు, వినయ్‌ల వైపు చూశాడు.

“నా బండిలోనేటి?” అన్నాడు వినయ్. అతని నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. “నా బండిలోనేటి పోయింది?”

“అబ్బే, ఊపిరుంది, ఊపిరుంది. ముందు కిందికి దించండి,” అన్నాడు రామచంద్రరావు. ఊపిరి లేదు.

బెల్టు విప్పడం గంగన్నకే తెలిసింది. బండి ఎత్తువల్ల దించడం కష్టమైంది. పక్క కొట్లవాళ్ళు కూడా వచ్చి పట్టుకోవాల్సి వచ్చింది. ఆ బండిలో మనిషి ప్రాణం మీదికొస్తే కావలసినవన్నీ ఉన్నాయి. లాగడానికి తాడుంది, తవ్వడానికి పారుంది, తలుపుకి ఎర్ర ప్లస్ గుర్తుతో మందుల సంచి ఉంది, చీకట్లో మైలు దూరం కనపడే దీపాలున్నాయి. ఇంజను మాత్రం ఎవరూ స్టార్టు చేయలేదు. తాళంచెవి వినయ్ చేతిలోనే ఉంది. అతను దాన్ని వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు.

హైవే మీద పోతున్న ఒక ఆటోవాడు జనాన్ని చూసి తనే ఆపి, కొబ్బరికాయల బస్తా కిందికి తోసి, “ఉఠాఅ, ఉఠాఅ,” అని, ఎత్తమని ఒరియాలో కసిరాడు. ఎత్తి పడుకోబెట్టారు. ఆటో వెనక్కి బాగా కుంగింది. అతను గేరు వేసి పోనిచ్చాడు. గంగన్న జానకీరామయ్య తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు చెప్పాల్సింది చెప్పేలోపే, వెనక కారులో వచ్చిన రామచంద్రరావు, వినయ్ ఒక మాట మీదికి వచ్చేశారు. మనిషి షాపులో పోలేదు, బండిలో పోలేదు, దారిలో పోయాడు. ఆటో మైల పడితే అడిగేవాడు లేడు కదా.

దుర్గాంబ వచ్చేసరికి చీకటి పడుతోంది. పులిహోర కలుపుతూ వచ్చిందేమో, చేతులు పచ్చగా ఉన్నాయి. ఆయన్ని చూసింది. తర్వాత చాలాసేపు ఏడవలేదు. ఎక్కడో లెక్క తప్పినట్టు ఎదురుగా ఉన్న వినయ్ మొహంలోకి చూసి, “రేపు కదూ బాబూ, కొండకి తీసుకెళ్తానన్నారు,” అంది.

“అవునాంటీ,” అన్నాడు వినయ్. “సీటు రెడీగానే ఉంది. ఆయన కోసమే ఉంచేను.”

దుర్గాంబ తలూపింది. మొహంలో ఏదో కొంచెం వదులైంది, అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్ళూ మొగుడి అబద్ధాలన్నీ కనిపెట్టి ఊరుకున్న మనిషి, ఈ ఒక్కదాన్ని నమ్మింది.

ఆదివారం పులులు బయల్దేరాయి. బయల్దేరే ముందు బండ్ల మధ్య తలలు వంచుకుని ఒక్క నిమిషం నిలబడి, దాన్ని కూడా ఫోటో తీయించుకున్నాయి. రాత్రికి రాత్రే సీటు పీకించి పెట్టె బిగించిన వినయ్ బండికి నిమ్మకాయలు కోసి, హారతి ఇచ్చి, లోపల పసుపు నీళ్ళు చల్లించారు. కెరండిమాల మొదటి రాళ్ళ దగ్గరే గట్టి స్ప్రింగు ఎత్తెత్తి కుదేసింది. బావగారి నెత్తి కప్పుకి తగిలింది, సొరుగులు ఊడొచ్చాయి, వినయ్‌కి నడుం పట్టేసింది. వెనక్కి తిరిగి హైవే మీద టిఫిను చేసి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు. సోమవారం వినయ్ ఫోన్ చేసి, ఆ పెట్టె పీకేసి మళ్ళీ సీటు బిగించమన్నాడు.

“అదే సీటా బాబూ?” అని అడిగాడు రామచంద్రరావు.

“ఛీ, అదెందుకు! కొత్తది తెప్పించండి.”

కౌంటర్లో ఇప్పుడు ఇంకొకతను కూర్చుంటున్నాడు. సన్నగా ఉంటాడు, బరువుకి పనికిరాడు. గంగన్న ఇసక బస్తాలు ఎక్కించి దించుతున్నాడు. షెడ్డు వెనక, తండ్రి కాలంనాటి తుప్పు పట్టిన కమాన్ల పక్కన, ఆ వెనక సీటు గోడకి ఆనించి ఉంది. కంపెనీ తొడిగిన పల్చటి ప్లాస్టిక్ కవరు కూడా దానికింకా తీయలేదు, మధ్యలో మాత్రం నలిగి, అటూ ఇటూ కొంచెం చిరిగింది.